జవాబు చెప్పడమేనా మా వంతు?

మాట్లాడే హక్కు గురించి ఈ దేశంలో చాలా మాట్లాడారు. రాజ్యాంగంలో దానికి 19వ అధికరణం ఉంది. వినాల్సిన బాధ్యత గురించి ఏ అధికరణమూ లేదు. చట్టం పెట్టి ఎవరి చేతా వినిపించలేం కాబట్టి లేదేమో. కానీ ఇది చట్టం తేల్చే సంగతి కాదు, నీతి తేల్చాల్సిన సంగతి. ఒక మనిషి మాట్లాడుతుంటే పక్కవాడు వినడం దయా, ధర్మమా? దయే అయితే విన్నవాళ్లకు మేం రుణపడి ఉండాలి. ధర్మమైతే వినకపోవడం నేరమవుతుంది. తేడా చిన్నది కాదు.

మాలో కొందరం యూనివర్శిటీలో కమ్యూనికేషన్ సిద్ధాంతాలు ఎమ్మేలో చదువుకున్నాం. మాట ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో చెప్పే శాస్త్రం అది. అందులో ఈ ప్రశ్న ఎక్కడా ఎదురు కాలేదు. ఎందుకు ఎదురు కాలేదన్నదే మాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది.

మొదటి పాఠం లాస్వెల్. 1948లో ఆయన చెప్పిన సూత్రం చెప్పేవాడితో మొదలై, వినేవాడి మీద పడ్డ ప్రభావంతో ముగుస్తుంది. వినేవాడు గొలుసు చివర్న నిలబడి ఉంటాడు, బాణం తగిలిందా లేదా అని చూసుకునే దిష్టిబొమ్మలాగా. వాడికి నోరుందా అని గొలుసు అడగదు. లాస్వెల్ అంతకుముందు 1927లో మొదటి ప్రపంచ యుద్ధంలోని ప్రచారం మీద పుస్తకం రాసినవాడు. యుద్ధం దగ్గర పాఠాలు నేర్చిన చదువుకి అవతలివాడు గురిగానే కనబడతాడు.

అదే 1948లో షానన్ వచ్చాడు. బెల్ కంపెనీలో ఇంజనీరు. తీగ మీద సంకేతం చెడిపోకుండా ఎలా పంపాలన్నది ఆయన లెక్క. అర్థంతో తన లెక్కకు పని లేదని ముందే రాసుకున్నాడు. ఆ నిజాయితీ మాకు నచ్చింది. పేచీ ఆయనతో కాదు, తీగల కోసం గీసిన బొమ్మను తెచ్చి మనుషులకు తగిలించిన వాళ్లతో. అందులో ‘నాయిస్’ అని ఒకటుంది. పంపినవాడు ఉద్దేశించకుండా సంకేతంలో కలిసిపోయేదంతా నాయిస్. ఇంట్లో దక్కనీ, బళ్లో తెలుగు, ఎమ్మేలో ఇంగ్లీషు మాట్లాడే మాకు ఆ పాఠం తొందరగానే అర్థమైంది. మేం నోరు తెరిస్తే క్లాసులో ముసిముసి నవ్వులు వినబడేవి. కోస్తా నుంచీ సీమ నుంచీ వచ్చిన మా వాళ్లలో ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లకి ఇంకో రకం ప్రశ్న. ‘ఉర్దూ రాదా? మరి నువ్వేం సాయెబువి?’ అని. వచ్చినా నాయిసే, రాకపోయినా నాయిసే.

షానన్ వ్యాసం జూలైలో ఒక భాగం, అక్టోబరులో ఒక భాగం అచ్చయింది. ఆ రెంటి మధ్య సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం వచ్చింది. ఏ పాఠ్యపుస్తకమూ ఈ రెండు సంగతుల్నీ ఒక పేజీలో పెట్టదు. మాకు మాత్రం విడదీసి చూడటం చేతకాదు. ఆ తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్‌నీ, ఖాజీ అబ్దుల్ గఫార్‌నీ పంపాడు. వాళ్లు ఊరూరా తిరిగి, తక్కువలో తక్కువ వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని నివేదిక రాశారు. రజాకార్ల దౌర్జన్యాలను వాళ్లు దాచలేదు, మేమూ దాచం. కానీ ప్రభుత్వం ఆ నివేదికను అచ్చు వేయలేదు. కొన్ని భాగాలు అక్కడక్కడా పుస్తకాల్లో వచ్చినా, ఢిల్లీలో అందరూ చూసుకునే వీలు 2013లోగాని రాలేదు. పంపినవాడున్నాడు, సందేశముంది, దారుంది, చేరాల్సిన చిరునామా ఉంది. లాస్వెల్ గొలుసులో ఒక్క లంకె కూడా తెగలేదు. అయినా అరవై ఏళ్లు దాటాయి. దీన్ని ఏ సిద్ధాంతం కింద చదవాలి?

ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. డాక్టరీ చదువు కూడా అక్కడ ఉర్దూలో చెప్పారు. పోలీసు చర్య తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. 1954లో అక్కడ జర్నలిజం శాఖ వచ్చింది. అంటే అక్కడ మాట గురించిన చదువు మొదలయ్యేనాటికే ఒక భాషకు నోరు మూసుకుపోయింది. ఉర్దూలో జర్నలిజం ఎమ్మే చదవాలంటే 1998లో పుట్టిన మౌలానా ఆజాద్ యూనివర్శిటీ దాకా ఆగాల్సి వచ్చింది.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ వెంటాడింది బల్గాత్. అంకారా పట్నానికి దగ్గర్లో ఉన్న తుర్కీ పల్లె అది. డేనియల్ లెర్నర్ 1958లో వేసిన పుస్తకం ఆ ఊరి కథతోనే మొదలవుతుంది. అభివృద్ధీ కమ్యూనికేషనూ కలిపి చెప్పే ప్రతి క్లాసులోనూ లెర్నర్ ఉంటాడు. 1950లో ఆ ఊళ్లో ఒక తుర్కీ యువకుడు ప్రశ్నల కాగితం పట్టుకుని తిరిగాడు. తుర్కీలో ఉండే వీలు లేకపోతే ఎక్కడ ఉంటావు? నువ్వే దేశానికి అధ్యక్షుడివైతే ఏం చేస్తావు? ఊళ్లో కిరాణా దుకాణం వాడు అమెరికా వెళ్తానన్నాడు. ఊరి పెద్ద, పుట్టిన చోటే ఉంటానన్నాడు. గొర్రెల కాపరి, నేనేంటి, అధ్యక్షుడవడమేంటి అని ఉలిక్కిపడ్డాడు. లెర్నర్ లెక్కలో దుకాణం వాడు ఆధునికుడు, మిగిలినవాళ్లు పాతకాలం వాళ్లు. ఎందుకు? దుకాణం వాడికి ‘ఎంపతీ’ ఉందట. ఇంకొకరి స్థానంలో తనను ఊహించుకునే శక్తి అన్నమాట. మక్కాకీ యంత్రానికీ మధ్య ఒకటి ఎంచుకోవాలా, రెండూ కలుస్తాయా అన్నది ఆ దేశాల నాయకుల ముందున్న పెద్ద చిక్కుగా చెప్పాడాయన.

ఇంకొకరి స్థానంలో ఊహించుకోవడం గొప్ప గుణమే. మేం కాదనం. మరి ప్రశ్నలు తయారుచేసిన వాళ్లలో ఒక్కరైనా గొర్రెల కాపరి స్థానంలో తమను ఊహించుకున్నారా? సొంత మట్టిని వదిలి పోనన్నవాడు వెనకబడినవాడూ, అమెరికా పోతానన్నవాడు ముందుకెళ్లినవాడూ ఎలా అయ్యారు? కొలబద్ద ఎవరి చేతిలో ఉందో చూస్తే తెలుస్తుంది. ఆ సర్వే కొలంబియా యూనివర్శిటీ పరిశోధన సంస్థ చేసింది, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో కోసం. తన మాట ఎవరి చెవిన పడుతోందో తెలుసుకోవడానికి ఒక రేడియో వేసిన ప్రశ్నలు అవి. రోహన్ సమరజీవ 1987లో, హేమంత్ షా 2011లో ఈ కూపీ లాగారు. మా సిలబస్‌లో లెర్నర్ ఉన్నాడు, వీళ్లు లేరు.

ఒక్క మాట లెర్నర్ పక్షాన. నాలుగేళ్లకు ఆయన తానే బల్గాత్ వెళ్లాడు, ఊరి పెద్దతో కూచుని మాట్లాడాడు. రోడ్డూ బస్సూ వచ్చిన ఊళ్లో పెద్దాయన కొడుకులు కూడా దుకాణాలు పెట్టుకున్నారని రాశాడు. ఆ పేజీల్లో పెద్దాయన మనిషిలా కనిపిస్తాడు. పట్టికల్లోకి వచ్చేసరికి మళ్లీ అంకె అయిపోతాడు.

అలాంటి ప్రశ్నల కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇక్కడా ఉన్నారు. వాళ్ల చేతిలో కాగితం కనబడదు, అంతే. ఎక్కడో బాంబు పేలుతుంది. తెల్లారి ఆఫీసులో, బస్సులో, టీ కొట్టు దగ్గర మా మొహం వైపు చూస్తారు. ‘మీరేమంటారు?’ అని అడుగుతారు. పైకి ప్రశ్నే. కానీ దానికి ఒకే ఒక్క జవాబు చెల్లుతుంది. ఒకే జవాబు చెల్లే ప్రశ్న ప్రశ్న కాదు, తనిఖీ. తనిఖీలో మాట్లాడేది మేమే. అయినా మాకు మాట్లాడామన్న తృప్తి ఉండదు, జేబులు చూపించిన సిగ్గు ఉంటుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు చచ్చిపోయింది నమాజుకు వచ్చినవాళ్లు. తర్వాత జరిగిన కాల్పుల్లో పోయిందీ మావాళ్లే. పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు చెప్పింది. ఇంత జరిగాక కూడా ‘మీరేమంటారు?’ అనే మమ్మల్ని అడిగారు.

స్టువర్ట్ హాల్‌ని చదివినప్పుడు మాత్రం కొంచెం ఊపిరాడింది. జమైకా నుంచి ఇంగ్లండు వచ్చిన నల్లమనిషి. పంపినవాడు పెట్టిన అర్థాన్నే వినేవాడు తీసుకోనక్కర్లేదని 1973లో చెప్పాడు. ఒప్పుకోవచ్చు, బేరమాడొచ్చు, ఎదురు తిరగొచ్చు. మేం 1992లో ‘రోజా’ చూశాం. మంటల్లో ఉన్న జెండా మీదికి హీరో దూకుతాడు, అక్కడే తీవ్రవాది నమాజులో ఉంటాడు. హాలంతా చప్పట్లు. జెండా మాది కూడా. నమాజూ మాదే. రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టిన తెర ముందు ఆ నిమిషంలో మా చేతులు ఏం చేయాలి? చప్పట్లు కొడితే ఒక అబద్ధం, కొట్టకపోతే పక్క సీటువాడి చూపు. అప్పట్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో పాఠాలు చెప్పే తేజస్విని నిరంజన 1994లో ఆ సినిమా ఎవరి దేశాన్ని చూపిస్తోందని అడుగుతూ వ్యాసం రాశారు. ఆమె ముస్లిం కాదు. వినడమంటే అది.

హాల్ ఒక సంగతి వదిలేశాడనిపిస్తుంది. ఎదురు తిరిగి చదవడానికి తెలివి ఒక్కటే చాలదు, పక్క సీట్లో ఎవరున్నారన్నది కూడా లెక్కే. ఆ లెక్క నోయెల్ న్యూమన్ దగ్గర ఉంది. ఒంటరైపోతామన్న భయంతో తక్కువమంది నోరు మూసుకుంటారనీ, వాళ్లు మూసుకున్న కొద్దీ ఎక్కువమంది గొంతు ఇంకా పెద్దగా వినిపిస్తుందనీ 1974లో ఆమె చెప్పింది. నిజమే. ఆమె పడుచుతనంలో నాజీల పత్రిక ‘దాస్ రైష్’లో రాసిందని కూడా చదివాం. మౌనం ఎలా పుడుతుందో మూసేవాళ్ల వైపు నుంచి చూసిన మనిషి అన్నమాట.

సెక్యులర్ మిత్రులు ఒక మాటంటారు. ‘మీరు చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? చెప్పండి, వింటాం’. మంచి మనసుతోనే అంటారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చినప్పుడు ముస్లింలు మాట్లాడటం మొదలెట్టారని చాలామంది రాశారు. మేం అప్పుడు మొదలెట్టామా, మీరు వినడం అప్పుడు మొదలెట్టారా? పీర్ల పండక్కి కలిసి అలావా చుట్టూ తిరిగినప్పుడు, రంజానుకి సేమ్యా గిన్నె గోడ మీంచి అందించినప్పుడు మేం మాట్లాడుతూనే ఉన్నాం. పాఠకులు లేరంతే.

అందుకే మాకు తోచింది ఇది. వినడం ధర్మమే, కానీ అందరికీ ఒకే బరువున్న ధర్మం కాదు. ఎవరి నిర్ణయంతో అవతలివాడి బతుకు మారుతుందో వాళ్ల మీద ఎక్కువ బరువు పడుతుంది. పోలీసు మీద, ఎడిటరు మీద, ఇల్లు అద్దెకిచ్చే ఓనరు మీద. బలహీనుడికి మౌనంగా ఉండే హక్కు కూడా ఉంది. ఆ మౌనాన్ని అంగీకారంగానో, కుట్రగానో చదివే అధికారం ఎవరికీ లేదు.

ఈ మాట మా ఇంటి గడప దగ్గర ఆగితే మోసం. 1985లో సుప్రీంకోర్టు షాబానోకు భరణం ఇమ్మంది. అరవై దాటాక మొగుడు తలాక్ చెప్పిన ఇండోర్ ముసలమ్మ ఆమె. పర్సనల్ లా వాళ్లు మాట్లాడారు, పార్లమెంటు మాట్లాడింది, కాషాయం వాళ్లు మాట్లాడారు, 1986లో చట్టమూ వచ్చింది. మధ్యలో ఆ తీర్పు తనకొద్దని ఆమె పేరు మీద ప్రకటన వచ్చింది. దాన్ని ఆమె మాట అనాలా? ఆ ప్రకటన వెనక ఎంత ఒత్తిడి ఉందో అడిగిన పెద్దలు మాలో ఎంతమంది? ఆమె బతుకు మీద అధికారం చెలాయించినవాళ్లలో మా పెద్దలూ ఉన్నారు. వినాల్సిన బరువు అక్కడ వాళ్లది. నమాజు సరిగ్గా రాదని దూదేకులవాళ్లని చిన్నచూపు చూసే అష్రాఫ్‌లది కూడా. సంబంధాల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర వాళ్ల మాట ఎంత చెల్లుతుందో ఏ మసీదులోనైనా కూచుని చూడొచ్చు.

ఇప్పుడు ఎమ్మే పిల్లలు ప్రాజెక్టు పని మీద పాతబస్తీకి వస్తుంటారు. చేతిలో ఫారాలు. ఇంట్లో టీవీ ఉందా, ఏ చానల్ చూస్తారు, బురఖా ఎందుకు వేసుకుంటారు. మా ఖాలాలు విసుక్కోకుండా చెబుతారు, చాయ్ పోస్తారు. పోస్తూ, ‘బేటీ, నీ పెళ్లయిందా? కాలేజీకి ఎంత కట్టావ్? ఇదంతా రాసుకుని ఏం చేస్తావ్?’ అని అడుగుతారు. పిల్లలు నవ్వి, తర్వాతి ప్రశ్నకు పోతారు. ఆ మూడో ప్రశ్నకు ఖాలాకు జవాబు చెప్పడం ప్రాజెక్టులో భాగం చేయమనీ, దానికీ మార్కులు వేయమనీ మేం ఒక డిపార్ట్‌మెంటులో అడిగాం. ఆలోచిస్తామన్నారు.