వట్టిపోయిన ఆవులు

ఉగాదికి ముందు ఇల్లు దులిపిన ప్రతి ఏడూ చివరికి ఒక మూట మిగులుతుంది. బూజుకర్ర మూలన పెట్టేశాక, అటక మీది డబ్బాలు తుడిచి మళ్ళీ సర్దాక, హాల్లో గోడవారన మిగిలేది ఆ మూటే. మెడ వదులైన చొక్కాలు, పిల్లలకు పొట్టివైపోయిన లాగులు, జారు పగిలిన మిక్సీ, మూతలు పోయిన ప్లాస్టిక్ డబ్బాలు, చిరగలేదు గానీ రంగు వెలిసిన దుప్పటి. ‘ఆమెకు ఇచ్చేద్దాంలే’ అంటాం. ఆమె అంటే మన ఇంట్లో పనిచేసే ఆమె. ఆ మాట అనగానే ఇల్లు ఖాళీ అవుతుంది, ఏదో మంచిపని చేసిన తృప్తీ కలుగుతుంది. ఒక్క మూటతో ఈ రెండూ ఎలా దొరుకుతున్నాయన్నదే ఎంతకీ వదలని నా అనుమానం.

చోటు కోసం తీసేసినదాన్ని దానం అనొచ్చా? భోగినాడు విరిగిన కుర్చీ కాళ్ళూ అరిగిపోయిన చీపుళ్ళూ మంటలో వేస్తాం. అప్పుడు దానం చేశామని ఎవరూ అనుకోరు. పాతది పోయింది, కాసేపు చలి కాచుకున్నాం, అంతే. ఉగాది వచ్చేసరికి అలాంటి పాతకే ఒక గౌరవం వస్తుంది. నిప్పులో వేయడానికి మనసొప్పని వస్తువును మనిషి చేతిలో పెట్టడానికి ఇట్టే ఒప్పుకుంటాం. ఆమెకు అవసరం ఉండే ఉంటుందని మనమే అనేసుకుంటాం. అడిగి తెలుసుకునేవాళ్ళు ఎందరు?

ఇల్లు సర్దుకోవడం గురించి జపాన్ రచయిత్రి మారీ కోండో రాసిన పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆమె కార్యక్రమం వచ్చాక మన నగరాల్లోనూ ఆ పద్ధతి చాలామందికి తెలిసింది. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకో, సంతోషం కలిగితే ఉంచుకో, లేకపోతే కృతజ్ఞత చెప్పి సాగనంపు అంటుందామె. పాత మేజోడును సైతం మర్యాదగా పంపమనే ఆ మనసు నాకు నచ్చుతుంది. కానీ ఆ మర్యాదంతా నాకూ నా వస్తువుకూ మధ్యే నడిచిపోతోంది. గుమ్మం అవతల చేయి చాచి దాన్ని అందుకునే మనిషి ఆ లెక్కలో లేదు. నాకు సంతోషం ఇవ్వడం మానేసిన వస్తువు ఆమెకెందుకు సంతోషం ఇవ్వాలి?

నచికేతుడి కథ అనగానే ప్రవచనాల్లో యముడి ఇల్లు, మూడు రాత్రుల పస్తు, మూడు వరాలు వస్తాయి. నన్ను మాత్రం కఠోపనిషత్తు మొదట్లోనే ఉన్న ఆవులు పట్టుకుంటాయి. ఉన్నదంతా ఇచ్చేయాల్సిన యాగంలో తండ్రి వట్టిపోయిన ఆవుల్ని తోలిస్తున్నాడు. తాగాల్సిన నీళ్ళు తాగేసినవి, మేయాల్సిన గడ్డి మేసేసినవి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేసినవి, ఇక ఈనలేనివి. అది చూసి ఆ కుర్రవాడు, మరి నన్నెవరికి ఇస్తావని అడుగుతాడు. తండ్రి పలకకపోతే మళ్ళీ అడుగుతాడు, మూడోసారీ అడుగుతాడు. కన్నకొడుకును యముడికిస్తాననేంత కోపం ఆ తండ్రికి ఎక్కడినుంచి వచ్చింది? అమాయకపు ప్రశ్నకు అంత కోపం రాదు. తోలించే మంద ఒకటి, దాచుకున్న మంద ఇంకొకటి అని కొడుకు కనిపెట్టేశాడు. హాల్లో మూట చూసినప్పుడల్లా నాకు ఆ మందే గుర్తొస్తుంది.

మా అమ్మది పెట్టే చెయ్యి. గుంటూరు జిల్లాలో మేం పెరిగిన ఊళ్ళో ఆ మాట అందరూ అనేవాళ్ళు. ఉగాది దగ్గర పడగానే గోడలకు సున్నం వేయించి, అటక మీది ఇత్తడి సామానంతా కిందికి దింపించేది. పెరట్లో బావి పక్కన గుండిగలూ గంగాళాలూ చింతపండు పెట్టి తోమించడం ఒక పూటంతా సాగేది. తోమేది ఒకావిడ. ఊరి వరసను బట్టి మేం పిల్లలం ఆమెను అత్తా అని పిలిచేవాళ్ళం. మా అమ్మను ఆమె అమ్మగారూ అనేది.

ఒక ఉగాది ముందు అమ్మ పాత చీరల మూట తెచ్చి అరుగు మీద పెట్టింది. ‘ఇవి పట్టుకుపోవే, రెండు మూడు ఇంకా బాగానే ఉన్నాయి’ అంది. అత్త అటు చూసి ‘ఉంచండమ్మగారూ, పోయేటప్పుడు తీసుకుపోతా’ అంది. ఆమె చెయ్యి మాత్రం అప్పుడే తోమి బోర్లించిన ఇత్తడి బిందె మీద ఉంది. కడవకంటే పెద్ద బిందె, అంచు చుట్టూ లతల చెక్కడం. కాసేపు దాన్ని నిమిరి, ‘అమ్మగారూ, ఈ బిందె నాకిస్తారా? ఊరికే వద్దు. నెలనెలా జీతంలో కోసుకోండి. మా అమ్మాయికి సారెలో పెట్టుకుంటా’ అంది.

అమ్మ మాట్లాడలేదు. ఆ మొహంలో కోపమేమీ లేదు. ఇలా కూడా అడగొచ్చని ఎన్నడూ ఊహించని మనిషి మొహం అది. కొంతసేపటికి ‘అది మా పుట్టింటి బిందె కదే’ అంది. ‘అయ్యో, తెలియక అడిగానమ్మగారూ’ అంటూ అత్త గబగబా గంగాళం ముందుకు లాక్కుంది. పోయేటప్పుడు చీరల మూట తీసుకుపోయింది.

ఆ ‘ఊరికే వద్దు’ ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. ఆమె అడగని చీరలు ఊరికే వెళ్ళాయి. డబ్బిస్తానని నోరు తెరిచి అడిగిన ఒక్క వస్తువూ వెళ్ళలేదు. అమ్మ పిసినారి అయితే ఇందులో ఆలోచించేదేమీ ఉండేది కాదు. ఆ అమ్మాయి పెళ్ళికి అమ్మ తనే బజారుకెళ్ళి మందంగా ఉన్న స్టీలు బిందె ఎంచి, పిల్ల పేరు కొట్టించి ఇచ్చింది. దానికైన ఖర్చు మా ఇంటికి చిన్నదేమీ కాదు. అంటే ఇష్టమైన వస్తువు ఇస్తేనే ఇచ్చినట్టన్న నా సిద్ధాంతం అక్కడే కుంటుపడుతోంది. ఆ స్టీలు బిందెలో అమ్మ డబ్బుంది, బజారులో తిరిగిన శ్రమ ఉంది, ఆ పిల్ల మీద ప్రేమా ఉంది. లేనిదల్లా అత్త చెయ్యి నిమిరిన ఆ లతల చెక్కడం. ఆ లోటు లోటేనా, లేక నేను పనిగట్టుకుని వెతుకుతున్నానా? తేల్చుకోలేకపోతున్నాను. ఇత్తడి బిందె ఇప్పుడు నా దగ్గరుంది. అందులో ఎవరూ నీళ్ళు పట్టరు. ఏడాదిగా వాడనిది ఇంట్లో ఉండకూడదన్న సూత్రం నిజంగా పాటిస్తే మూటలో మొదట చేరాల్సింది అదే.

నా వాదనకు ఇంకో గట్టి అడ్డు ఉంది. ఇచ్చేటప్పుడు నా మనసు నొచ్చుకుందా లేదా అన్నదానితో, స్వెట్టర్ లేని పిల్లాడి చలికి ఏం సంబంధం? స్వెట్టర్ వెచ్చగా ఉందా, సరిపోయిందా అన్నదే వాడికి కావాలి. నా త్యాగాన్ని తూకం వేసుకుంటూ కూర్చోవడం కూడా నా గురించే ఆలోచించడం. అయితే ఆ తూకం అసలే లేని చోట ఏమవుతుందో 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో చూశాం. దేశం నలుమూలల నుంచి వచ్చిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు కూడా వాటిని ముట్టలేదు. తమకు పనికిరానివి, తమ కట్టూ బొట్టూ ఎరగనివారు పంపినవి. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఆ గుట్టల్ని ఏరి, వేరుచేసి వాడకంలోకి తెచ్చింది. ఆ సంస్థ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది, పల్లెల్లో బట్టలు ఊరికే పంచకపోవడం. ఊరివాళ్ళు కలిసి బావో బాటో బాగుచేసుకుంటారు, ఆ పనికి ప్రతిఫలంగా బట్టలు తీసుకుంటారు. ఊరికే వద్దన్న అత్త మాటను ఎవరో విన్నట్టే ఉంటుంది నాకు.

మూట విప్పేవాళ్ళకు మన సంగతి తెలుస్తుందని కూడా మనకు తట్టదు. పడమటి దేశాలవాళ్ళు తీసేసిన ఉన్ని బట్టలు పానిపట్‌కు వస్తాయి. అక్కడ ఆడవాళ్ళు వాటి గుండీలూ జిప్పులూ కోసేస్తారు, మిల్లులు ఆ గుడ్డను తిరిగి నూలు చేసి దుప్పట్లు నేస్తాయి. మేఘనా గుప్తా 2012లో తీసిన ‘అన్‌రావెల్’ అనే చిన్న డాక్యుమెంటరీలో ఆ ఆడవాళ్ళే మాట్లాడతారు. ఇంత మంచి బట్టలు ఎందుకు పారేస్తారు, అక్కడ నీళ్ళకు కరువేమో, ఉతుక్కోలేక పడేస్తారేమో అనుకుంటారు. మరి మా మూట విప్పినామె మా గురించి ఏమనుకుంటుంది? ఇచ్చేవాళ్ళు సిగ్గుతో ఇవ్వాలని చదువు ముగించి వెళ్ళే శిష్యుడికి తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. మన ఇళ్ళలో ఆ సిగ్గు తీసుకునేవాళ్ళ వంతయింది.

అందుకే ఈమధ్య నాకు బేరం మీద గౌరవం పెరుగుతోంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె మా వీధిలోకి వచ్చేది. చీరను ఎండకెత్తి చూసేది, చిరుగులో వేలు దూర్చి చూపించేది, ఈ మూడు చీరలకు ఈ గిన్నె రాదనేది. అమ్మ వాదించేది, ఆమె గిన్నె తట్టలో పెట్టేసుకుని లేచేది, మళ్ళీ కూర్చునేది. అక్కడ ఎవరూ ఎవరికీ రుణపడలేదు. వద్దనే హక్కు ఆమెకుంది. మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఆ హక్కు ఎక్కడిది? రేపు మళ్ళీ మా గుమ్మం తొక్కాల్సిన మనిషి, అమ్మగారు ఇచ్చిన మూటను వద్దని ఎలా అంటుంది?

మొన్న మూట కట్టకముందే ఆమెను అడిగాను, ఇందులో నీకేం కావాలని. ఆమె అటు చూడనే లేదు. ‘పండుగకు ముంగట రెండు రోజులు సెలవిస్తరా అమ్మా? మా ఇల్లు గూడ దులుపుకోవాలె. నాలుగిండ్లు దులిపేసరికి పండుగ వచ్చేస్తది’ అంది.

ఏడాదిలో ఇంకే రెండు రోజులడిగినా వెంటనే సరే అనేదాన్ని. పండగ ముందు రోజులంటే గొంతులో ఏదో అడ్డుపడింది. మా ఇంట్లో పాలిచ్చే ఆవు అదేనని అప్పుడు తెలిసింది. సెలవిచ్చాం, జీతం కోయలేదు, అటక మేమే దులుపుకున్నాం. ఇచ్చేటప్పుడు కష్టమనిపించింది కాబట్టి ఇదైనా దానమే అనుకోబోయి ఆగాను. పండగ ముందు తన ఇంట్లో తానుండటం ఆమెకు రావాల్సిందే. రావాల్సింది ఇస్తే బాకీ తీరుతుంది, అంతకుమించి ఏమీ అవదు. బాకీలు తీరకుండా దానం ఎక్కడ మొదలవుతుంది? అలా చూస్తే చీరల మూట, పేరు కొట్టించిన స్టీలు బిందె ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియడం లేదు. అమ్మ ఉంటే ఒక్కటి అడిగేదాన్ని. మన బిందెలు తోమిన అన్నేళ్ళలో అత్త తన ఇల్లు ఎప్పుడు దులుపుకునేదమ్మా?