నన్ను గురించి నేను



మొన్న క్రిస్మస్ సెలవులకు మన విచారణ యువకుడొకడు హైదరాబాదు నుండి వచ్చి నన్ను కలిశాడు. తండ్రి అంబాజీపేట వైపు కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్తాడు. కొడుకు ఇంజనీరింగు చదివి ఉద్యోగం చేస్తూ ఇప్పుడు ఎం.బి.ఎ.కు దరఖాస్తు పెడుతున్నాడు. 2001లో హైదరాబాదులో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వంటి చోట్ల మార్కులొక్కటే చాలవు. తనను గురించి తాను వ్యాసాలు కూడా రాసి పంపాలి.

"నెల రోజులుగా కూర్చుంటున్నానండి. ఒక్క పేరా కుదరడం లేదు ఫాదర్ గారూ" అన్నాడు.

డబ్బు తీసుకొని సలహాలిచ్చే ఒకాయన 1996 నవంబరు తుఫానును గురించి రాయమన్నాడట. తోటలు కూలి, ఇల్లు పోయి, ఆ కష్టంలోనుండి పైకి వచ్చానని.

"అప్పటికి నువ్వు పుట్టలేదు కదా బాబూ?"

"మా కుటుంబం అని రాస్తే అబద్ధం కాదన్నారండి."

ఆ రాత్రిని కళ్ళారా చూసినవారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. వారి దుఃఖం వారిది. దానిని మనం అరువు తెచ్చుకొని సీటు కోసం చూపవచ్చునా?

మరి సొంత మాట ఏదీ అని అడిగాను. ఇంటరు చదివే రోజుల్లో తండ్రితోపాటు పనిచేసే వారందరి కాయల లెక్క ఇతడే పుస్తకంలో రాసేవాడట. షావుకారు లెక్కలో తేడా వస్తే ఆ పుస్తకం పట్టుకెళ్ళి మాట్లాడేవాడట. అది రాయవయ్యా అంటే, "అదేముందండి, లెక్కే కదా" అన్నాడు. సొంత డబ్బా కొట్టుకోవద్దని పిల్లలకు నేర్పేది మనమే. కాని గొప్పలు చెప్పుకోవడమే కాదు, ఉన్నదానిని లేనట్లు తగ్గించి చెప్పడమూ సత్యానికి దూరమేనని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. పునీత తోమాసు అక్వినాసు దానిని కూడా దోషాలలోనే చేర్చాడు. వినయం పేరుతో మనం ఈ దోషాన్ని ఎంత ముద్దుగా పెంచుకుంటామో!

అసలు ముడి వేరే ఉంది. ఓటమిని గురించి కూడా రాయాలి. రెండో సంవత్సరంలో రెండు సబ్జెక్టులు తప్పాడు. తండ్రికి చెప్పలేదు, ఈనాటికీ చెప్పలేదు. (అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు.) పునీత అగస్తీను మిలాను నగరంలో మాటల నేర్పును బోధించిన పండితుడు. ఆయన తన కథ రాసుకున్నప్పుడు, పదహారేళ్ళ వయసులో స్నేహితులతో కలిసి బేరికాయలు దొంగిలించిన చిన్న సంగతి మీద పుటలకు పుటలు నిలిచిపోయాడు. అయితే ఆయన చెప్పుకున్నది దేవునితో. ఇతడు చెప్పేది సీటు ఇచ్చేవారితో.

లాభం కోసం చెప్పిన నిజం నిజమేనా? గురువిద్యాలయంలో ఇలాంటి ప్రశ్నలతో రాత్రులు గడిపేవాళ్ళం. ఇప్పుడు నాకంత చిక్కుగా తోచడం లేదు. ఒలిచిన కాయలెన్నో కూలి కోసమే చెప్పినా, లెక్క సరిగ్గా ఉంటే అది నిజమే. నన్ను బాధించింది వరుస. రాత్రింబవళ్ళు ఒలిచి ఫీజు కట్టిన మనిషికి తెలియని మాట, ముఖం ఎరుగని వారికి ముందుగా తెలియడం. అదే అతనితో అన్నాను. మాట్లాడకుండా లేచి వెళ్ళాడు.

ఆదివారం పూజ ముగిశాక తండ్రి గుడి మెట్ల దగ్గర ఆగాడు. "మావోడు రాసేది ఇంగ్లీషులో కదండీ. పంపేముందు ఓసారి తెలుగులో నాకు చదివి వినిపించమనండి" అన్నాడు.