గోల్కొండలో ఇద్దరు బందీలు: కలిమిలోను కష్టంలోను దైవకృతజ్ఞత

సుఖం కలిగినప్పుడు దైవానికి కృతజ్ఞత చెప్పుకోవాలన్నది ఎవరికైనా సులువుగా మనసుకు పట్టే ధర్మమే. కష్టం వచ్చినప్పుడు కూడా అదే దైవానికి కృతజ్ఞత చెప్పాలనడం మాత్రం మతచింతనలో ఎంతో కాలంగా నలుగుతున్న ప్రశ్న, ఎందుకంటే బాధను మేలుగా భావించమనడం అబద్ధమాడమనడమే కదా అన్న అభ్యంతరం దానికి వెంటనే ఎదురవుతుంది. హైదరాబాదు ఐటీ కారిడార్‌లోని ఖాజాగూడ ఈ ప్రశ్నను ఆలోచించడానికి తగిన చోటు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు గుట్టల నడుమ అక్కడ అనంతపద్మనాభస్వామి గుడి, బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, 1951 అక్టోబరులో ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా ఏకాంతంలో గడిపిన గుహ ఉన్నాయి. 1949లో ‘నవజీవనం’ పేరుతో ఆయన మొదలుపెట్టిన సంచార జీవితంలో ఎంత ఇబ్బంది ఎదురైనా ముఖం చిన్నబుచ్చుకోకూడదన్నది సహచరులు ఒప్పుకున్న షరతులలో ఒకటి. ఆ గుట్టలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న గోల్కొండ కోటలో, 17వ శతాబ్దంలో, ఒక ఖైదీ, ఆ ఖైదీ కాలంలో రాజ్యమేలిన సుల్తాను ఇదే ప్రశ్నకు తమ జీవితాలతో జవాబిచ్చారు. ఆ రెండు జవాబులూ ఒకటి కాకపోవడమే ఇక్కడ గమనించవలసిన సంగతి.

సుల్తాను అబుల్ హసన్ తానీషా. 1672లో గద్దెనెక్కకముందు సూఫీ గురువు షా రాజు సన్నిధిలో ఏళ్ళ తరబడి ఫకీరులా బతికినవాడు. ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలల ముట్టడి తరువాత, 1687 సెప్టెంబరులో ఒక రాత్రి, లోపలివారి ద్రోహంతో తెరుచుకున్న ద్వారం గుండా కోటలోకి చొరబడ్డాయి. ఆ తరువాత జరిగినది మొగలు చరిత్రకారుడు కాఫీ ఖాన్ పారశీక గ్రంథంలో కనిపిస్తుంది: తానీషా అంతఃపురంలోని వారిని ఓదార్చి, అందరి వద్దా సెలవు తీసుకుని, సభామందిరంలో తన ఆసనం మీద కూర్చుని పిలవని అతిథుల కోసం ఎదురుచూశాడు, వేళ కాగానే భోజనం వడ్డించమని చెప్పి, తనను పట్టుకోవడానికి వచ్చిన సర్దార్లను కూడా విస్తరి ముందుకు ఆహ్వానించాడు. ఇలాంటి ఘడియలో ముద్ద ఎలా దిగుతుందని ఒకరు ఆశ్చర్యపోగా, తాను రోజూ తినే వేళ ఇదేనని, సుఖమూ దుఃఖమూ పంపేవాడు ఒక్కడేనని, బీదరికాన్ని చూపినవాడే అనుకోకుండా రాజ్యమిచ్చాడని, ఇప్పుడు దాన్ని వెనక్కు తీసుకున్నా ఆయన దయ తన మీద తప్పిపోలేదని తానీషా బదులిచ్చాడట. ఘటన జరిగిన ఎన్నో ఏళ్ళకు రాసిన మాటలు కనుక వాటిని అక్షరాలా నమ్మనక్కరలేదు. అయితే గెలిచిన పక్షం చరిత్రకారుడే ఓడిన రాజును ఇంత నిండుగా చిత్రించడంలో ఆనాటివారిని ఆ ప్రవర్తన ఎంతగా కదిలించిందో తెలుస్తుంది.

ఈ సమాధానం వెనుక ఇస్లామీయ చింతనలో బాగా పండిన ఒక విచారణ ఉంది. మేలు కలిగినప్పుడు చూపే కృతజ్ఞతను షుక్ర్ అని, కష్టంలో చూపే ఓర్పును సబ్ర్ అని అంటారు. 1111లో మరణించిన మతపండితుడు గజాలీ తన మహాగ్రంథం ‘ఇహ్యా’లో ఈ రెంటినీ వేరు చేయకుండా ఒకే అధ్యాయంలో చర్చించాడు, ఏ కష్టంలోనైనా అది అంతకన్నా పెద్దది కాకపోవడం, విశ్వాసాన్ని దెబ్బతీయకపోవడం, పరలోకంలో కాక ఈ లోకంలోనే తీరిపోవడం వంటి కృతజ్ఞతకు తగిన కారణాలు ఉంటాయని చూపాడు. బాధ బాధ కాదని ఆయన చెప్పడం లేదు. ఇచ్చినవాడెవరో ముందే ఎరిగినవాడికి పోవడం దోపిడీలా తోచదని మాత్రమే ఈ తర్కం చెబుతుంది, కనుక కష్టంలో కృతజ్ఞత చూపగలమా లేదా అన్నది చాలావరకు కలిమి ఉన్న రోజులలోనే తేలిపోతుంది. తానీషా సింహాసనాన్ని మొదటినుంచీ అరువు సొమ్ములా పట్టుకున్నాడు. జీతమూ, ఫ్లాటూ, విదేశీ ప్రాజెక్టూ పూర్తిగా తమ ప్రతిభ సంపాదించినవేనన్న భావం బలంగా ఉన్న నేటి ఐటీ కారిడార్‌లో, ఉద్యోగం ఊడిన రోజున మనిషి అంతగా కూలిపోవడానికి ఒక కారణం ఇక్కడే ఉందనిపిస్తుంది.

రెండవ బందీ జవాబు దీనికి భిన్నం. రామదాసుగా పేరొందిన, నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, ప్రభుత్వ సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించి, ఆ నేరానికి గోల్కొండలో పన్నెండేళ్ళు ఖైదు అనుభవించాడని సంప్రదాయం చెబుతుంది. కప్పులోని చిన్న కంత గుండా దిగే వెలుగే ఆధారమైన ఆ చీకటి గదిలో, గోడ మీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి ఆయన చెక్కినవేనని భక్తుల నమ్మకం. అయితే అక్కడ పుట్టిన కీర్తనలలో తానీషా ప్రశాంతత లేదు. సీతమ్మకు చేయించిన పతకానికి, లక్ష్మణునికి చేయించిన నగకు ఎంతెంత ఖర్చయిందో లెక్క చెప్పి, ఇంత చేయించుకుని కులుకుతూ తనను మరచిపోయావా అని రాముణ్ణి నిలదీసి, చివరకు దెబ్బలు తాళలేక అన్న మాటలివి అని వేడుకోవడం ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ఉంది. నిందిస్తూనే స్తుతించే ఈ పద్ధతిని నిందాస్తుతి అంటారు.

ఇది కృతఘ్నత అని ఏ తెలుగు భక్తుడూ అనుకోలేదు, అనుకోకపోవడం న్యాయమే. తిట్టడానికైనా ఎదుట ఒకరు ఉండాలి; పన్నెండేళ్ళు తలుపు తెరవని దైవంతో మాట మానకపోవడం, గతంలో అందుకున్న చనువును మరువకపోవడం కృతజ్ఞతలోని అసలు భాగం. బైబిలులోని యోబు గ్రంథం కూడా ఈ విషయంలో ఆశ్చర్యకరంగా స్పష్టంగా ఉంది: సంతానమూ సంపదా పోయిన రోజున దైవనామాన్ని స్తుతించిన యోబే తరువాత ఆ దైవంతో ఘోరంగా వాదిస్తాడు, అతని మిత్రులు దైవం పక్షాన నిలిచి అతనికి బుద్ధులు చెబుతారు, చివరకు దేవుడు కోపించేది ఆ మిత్రుల మీదనే. భాగవతంలో కుంతి ఆపదలు మళ్ళీ మళ్ళీ రావాలని కృష్ణుణ్ణి కోరుకుంటుంది, కృష్ణదర్శనం ఆపదలలోనే దొరికింది కనుక. ఆ కోరిక ఆమె నోట శోభించడానికి ఆ ఆపదలు ఆమెవే కావడం కారణం. పక్కవాడి ఇంట్లో చావు జరిగినప్పుడు అంతా మన మంచికే అనడం భక్తి కాదు, క్రూరత్వం. ముట్టడి కాలంలో కరవుకు, రోగానికి చచ్చిన సామాన్యుల తరఫున కృతజ్ఞత చెప్పే అధికారం తానీషాకు కూడా లేదు, రాజ్యం పోయినందుకు తన వరకే ఆయన చెప్పుకోగలడు.

పరుల కష్టం ఎదురైనప్పుడు కృతజ్ఞత వేరే రూపం తీసుకోవాలి. గజాలీ షుక్ర్‌ను జ్ఞానం, మనఃస్థితి, క్రియ అని మూడుగా విడదీశాడు: ఇచ్చినవాడెవరో తెలియడం, అందుకు సంతోషించడం, ఇచ్చినదాన్ని తగిన పనికి వినియోగించడం. ఈ మూడవది లేకపోతే మొదటి రెండూ పూర్తికావు. అలాంటి క్రియ రామదాసు కథ చివర కనిపిస్తుంది. ఆ కథలో రామలక్ష్మణులు స్వయంగా వచ్చి తానీషాకు పైకం చెల్లించగా రామదాసు విడుదలయ్యాడు. ఆ దర్శనం తనకు కలిగినందుకు తానీషా భద్రాచల రాముని కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం మొదలుపెట్టాడంటారు. అది ఆసఫ్‌జాహీల కాలంలోనూ సాగింది, ఇప్పుడు శ్రీరామనవమికి తెలంగాణ ప్రభుత్వం పట్టువస్త్రాలతో పాటు ఆ ముత్యాలను పంపుతోంది. ఆచారం మొదలుపెట్టినవాడిగా పేరు పడ్డ సుల్తాను మాత్రం దౌలతాబాదు కోటకు బందీగా వెళ్ళి, తిరిగి గోల్కొండ చూడకుండా అక్కడే మరణించాడు.