పగ, న్యాయం, నిర్వైరం





సాహిబ్‌జాదాల కథ విన్న తరువాత మన యువకులు ఒక ప్రశ్న తప్పక అడుగుతారు. పదేళ్లు కూడా నిండని ఇద్దరు పిల్లలను చంపినవారి మీద పగ తీర్చుకోవడం తప్పెలా అవుతుంది? "క్షమ గొప్ప గుణం" అని ఒక్క మాటతో ఈ ప్రశ్నను దాటవేయవచ్చు. కానీ అడిగినవారి మనసుకు ఆ జవాబు చాలదు. ఎందుకంటే పగలో ఒక నిజం ఉంది. అన్యాయం జరిగింది, దాన్ని జరగనట్టు మరచిపోకూడదు అనేదే ఆ నిజం. అన్యాయాన్ని చూసి మండని మనసు శాంతించిన మనసు కాదు, మొద్దుబారిన మనసు.

అందుకే సాహిత్యంలో పగకు పెద్ద పీట దొరికింది. గ్రీకు నాటకాలు, షేక్‌స్పియర్ హామ్లెట్, మన పల్నాటి కథ అన్నీ దాని చుట్టూ తిరిగినవే. సినిమా సంగతి చెప్పనక్కర లేదు. హీరో కత్తి ఎత్తగానే హాలంతా ఈలలు. విలన్ చనిపోతాడు, కథ ముగుస్తుంది, మనం ఇంటికి వచ్చేస్తాం. ఆ రాత్రి విలన్ ఇంట్లో ఏం జరిగిందో తెర మీద కనబడదు. అతనికీ ఒక కొడుకు ఉండవచ్చు. ఆ కొడుకుకూ ఒక కత్తి దొరకవచ్చు. గొప్ప సాహిత్యం మాత్రం ఆ ఇంటి తలుపు కూడా తెరిచి చూపిస్తుంది.

మహాభారతం అలాగే చూపించింది. ద్రుపదుడు రాజయ్యాక, తన దగ్గరికి వచ్చిన చిన్ననాటి స్నేహితుడు ద్రోణుణ్ణి అవమానించాడు. ద్రోణుడు ఆ మాట మనసులో పెట్టుకుని, శిష్యుల చేత ద్రుపదుణ్ణి కట్టి తెప్పించి సగం రాజ్యం తీసుకున్నాడు. ద్రుపదుడు ఊరుకోలేదు. ద్రోణుణ్ణి చంపే కొడుకు కావాలని యజ్ఞం చేశాడు. అలా పుట్టిన ధృష్టద్యుమ్నుడు, యుద్ధంలో ఆయుధం వదిలి కూర్చున్న ద్రోణుడి తల నరికాడు. తండ్రి చావుకు బదులుగా అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో చొరబడి ధృష్టద్యుమ్నుణ్ణి చంపాడు. అక్కడితో ఆగాడా? నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. ఇద్దరు స్నేహితుల మధ్య ఒక మాటతో మొదలైనది, ఆ మాటతో ఏ సంబంధమూ లేని పిల్లల పడక దగ్గర తేలింది. ఈ వరుసలో ప్రతివాడూ తనకు జరిగిన దానికే బదులు తీర్చుకుంటున్నానని అనుకున్నాడు.

ఆ తరువాత ద్రౌపది ఏం చేసింది? రెండు గ్రంథాలు రెండు రకాలుగా చెబుతాయి. వ్యాస భారతంలో ఆమె అశ్వత్థామ ప్రాణం కోరి ప్రాయోపవేశానికి సిద్ధపడుతుంది. చివరికి అతని తలమీది మణి తన చేతికి వచ్చాక, గురుపుత్రుడు కదా అని శాంతిస్తుంది. భాగవతంలో, మన పోతన తెనుగు చేసిన భాగవతంలో కూడా, అర్జునుడు అతన్ని బంధించి ఆమె ముందుకు తెస్తాడు. విడిచిపెట్టమని అడిగేది ఆమే. తనలాగే అతని తల్లి కూడా ఏడవకూడదన్నదే ఆమె వాదం. భీముడు ఒప్పుకోడు. చివరికి ప్రాణం తీయకుండా, జుట్టు తీసి, మణి తీసి, శిబిరం నుంచి వెళ్లగొడతారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ద్రౌపది నేరాన్ని లేదనలేదు. శిక్ష పడింది, లోకమంతటికీ తెలిసేలా పడింది. ఆమె వద్దన్నది ఒక్కటే: నేరం చేయని మరొక తల్లి కడుపుకోత. న్యాయానికీ పగకూ మధ్య గీత సరిగ్గా ఇక్కడే ఉంది.

ఇప్పుడు జఫర్‌నామా దగ్గరికి వద్దాం. నలుగురు కుమారులనూ, తల్లినీ పోగొట్టుకున్న శ్రీ గురు గోబింద్ సింగ్ జీ 1705లో ఔరంగజేబుకు పర్షియన్ పద్యాలలో పంపిన లేఖ అది. విజయ లేఖ అని దాని అర్థం. అందులో బతిమాలడం లేదు. ఖురాన్ మీద చేసిన ప్రమాణం తప్పారని గురు సాహిబ్ చక్రవర్తినే నిలదీశారు. అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు కత్తి పట్టడం ధర్మమేనన్నారు. అయితే మీ మతం చెడ్డదని అనలేదు. మీ మతం ప్రకారమే మీరు తప్పారని చెప్పారు. ఎదురుగా వచ్చి మాట్లాడమని, దారిలో ఏ ప్రమాదమూ ఉండదని కూడా పిలిచారు. పగబట్టినవాడు శత్రువుకు దారి చూపించి పిలుస్తాడా? 1707లో ఔరంగజేబు చనిపోయాక సింహాసనం కోసం పోరు జరిగితే, గురు సాహిబ్ ఆయన కొడుకు బహదూర్ షా పక్షాన నిలిచారు. లెక్క వంశంతో అయితే ఇది జరిగేదే కాదు.

మన చరిత్రలో కష్టమైన చోటు ఆ తరువాత వస్తుంది. గోదావరి ఒడ్డున నాందేడ్‌లో గురు సాహిబ్ ఆశీస్సు పొందిన బందా సింగ్ బహదూర్ 1710లో చప్పర్ చిరి యుద్ధం గెలిచాడు. పిల్లల మరణానికి కారకుడైన వజీర్ ఖాన్ ఆ యుద్ధంలోనే హతుడయ్యాడు. ఆ నేరానికి విచారణ జరిపే కోర్టు ఆనాడు లేదు. నేరం చేసినవాడే అక్కడ పాలకుడు. కనుక ఆ యుద్ధాన్ని న్యాయమనే నేను నమ్ముతాను. కానీ ఆ తరువాత సర్హింద్ పట్టణంలో సామాన్య ప్రజలు కూడా బాధ పడ్డారని ఆ కాలపు పర్షియన్ రచయితలు రాశారు. వారు ఎదుటి పక్షంవారు, పెంచి రాసి ఉండవచ్చు. అయినా నేరంతో సంబంధం లేని ఒక్క ఇల్లు కాలినా, దాన్ని న్యాయమని మనం పిలవకూడదు. మన గెలుపు కథ చెప్పుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పగలగాలి.

మన సంప్రదాయమే మనకు ఒక కొలత ఇచ్చింది. మలేర్‌కోట్ల నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్ తమ్ముడు సిక్కులతో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. సర్హింద్‌లో పిల్లలను చూపించి, ఇప్పుడు పగ తీర్చుకోమని వజీర్ ఖాన్ ఆయనతో అన్నాడట. నా వైరం తండ్రితో, ఈ పసివాళ్లతో కాదని నవాబు నిరాకరించాడు. అశ్వత్థామ దాటిన గీతను ఆయన దాటలేదు. సిక్కులు ఆ మాటను నేటికీ మరవలేదు. 1947లో పంజాబ్ అంతా రక్తం పారినప్పుడు మలేర్‌కోట్ల ముస్లింలు క్షేమంగా ఉన్నారు. పగ వంశాల వెంట వెళుతుందంటారు. మేలు కూడా అలాగే వెళుతుంది.

క్షమ గురించి ప్రసంగించేవారికి కూడా ఒక మాట. 1984 నవంబరులో ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులు హతులయ్యారని ప్రభుత్వ లెక్కే చెబుతుంది. ఆ కేసులలో ఒక పెద్ద నాయకుడికి హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది 2018లో, అంటే 34 ఏళ్లకు. ఈలోగా ఎందరు తల్లులు కన్నుమూశారు! అలాంటి తల్లికి క్షమించమని ఉపదేశించే ముందు, సాక్షిగా ఆమె వెంట కోర్టు మెట్లెక్కడం మన ధర్మం. న్యాయం ఆలస్యమైన చోటే పగ మొలుస్తుంది. పగ వద్దనేవారు న్యాయం కోసం అందరికన్నా ముందు నిలబడాలి.

మూల మంత్రంలో పరమాత్మకు నిర్భౌ, నిర్వైర్ అనే రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. భయం లేనివాడు, వైరం లేనివాడు. భయం లేకపోవడమే ముందు వచ్చింది. భయపడి చేతులు ముడుచుకోవడం క్షమ కాదు, అది ఓటమి. భయం పోయి వైరం మిగిలితే అది అశ్వత్థామ దారి. రెండూ పోయినవాడే నేరస్థుడి పేరు గట్టిగా పలకగలడు, అతని బిడ్డ తల నిమరగలడు.

కనుక పగ కథ చదివినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి. దెబ్బ తగిలింది నేరం చేసినవాడికేనా? మాట్లాడే దారి తెరిచి ఉంచారా? ఈ దెబ్బతో కథ ముగిసిందా, మరో ఇంట్లో మొదలైందా? మూడింటికీ మంచి జవాబు దొరికితే అది న్యాయం. దొరకకపోతే, ఎంత గొప్ప వీరుడు చేసినా, అది పగే.

సర్బత్ దా భలా.