మరణానంతరం అన్నారు

1999 జూలై, కార్గిల్ యుద్ధం. టైగర్ హిల్ మీదికి నిట్టనిలువు మంచు కొండ ఎక్కిన ఘాతక్ దళంలో గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్ ఒకరు. వయసు 19. ఒంట్లో తూటాలు దిగినా పాకుతూ వెళ్లి శత్రువు బంకరులోకి గ్రెనేడ్ విసిరారు. పరమవీర చక్రను మొదట మరణానంతర పురస్కారంగానే ప్రకటించారు. తీరా చూస్తే అమరుడైంది అదే పేరున్న మరో జవాను. ఈయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారు! ఆ రెండో యోగేంద్ర గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, పాపం.

నాకు మాత్రం ఆ తర్వాతి కాలమే ఆశ్చర్యం. తండ్రీ సైనికుడే, 1965, 1971 యుద్ధాలు చూసినవారు. కొడుకు అంత పెద్ద పతకం ఛాతీన పెట్టుకుని మళ్లీ అదే కొలువులో కొనసాగారు. గౌరవ కెప్టెన్‌గా రిటైరైంది 2021 చివర్లో.