మాటలోని సందు

నేడు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో నెలకొన్న తెలుగు సినిమాకు తొలి టాకీ 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’. ఆ కథలో హిరణ్యకశిపుడు పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని చావకుండ వరము పొంది, సంధ్యవేళ గడపమీద కూలెను. వరములో సందు ఉండెను. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోను మంత్రపు నియమము రెండర్థములిచ్చినయెడల, ఆట నడుపువాడే తీర్పు చెప్పును.

మన సంగతి ఏమి? సందెకు కూలి యిత్తుమని చెప్పి, ఏ సందెయో చెప్పలేదనుచున్నాము. అక్కడ సందు బలవంతుని కూల్చెను. మన సందు బీదవానిని పస్తుంచుచున్నది. ఊచచెయ్యి గలవానిని విశ్రాంతిదినమున బాగుచేసిన ప్రభువు, నియమము ఎవరి మేలుకొరకో చూచెను (మార్కు 3:1-5). కావున మన మాట రెండు విధములుగా తోచినప్పుడు, దానిని నమ్మినవాడు గ్రహించిన అర్థమునే నెరవేర్చుదము.