రక్తం మీదకి నెట్టకు

ఏందిరా అబ్బాయ్, ఎప్పుడు చూసినా అదే మాట! "నా నైజం ఇంతే తాతా, మనది పల్నాటి రక్తం, మాట పడలేం" అంటావు. నిన్ను చూసి మీ చెల్లెలు కూడా నేర్చింది ఆ మాట. నువ్వు చెడ్డవాడివని నేననడం లేదు. మనసు మంచిదే, తొందరే ఎక్కువ. కోపం ఎవరికి రాదు? వచ్చిన కోపానికి చెయ్యి అందించింది మాత్రం నువ్వేగా, రక్తం కాదుగా.

పల్నాటి రక్తం అంటున్నావు కాబట్టి ఆ కథే చూడు. గురజాల నలగామరాజు పక్షంతో కోడిపందెంలో ఓడి, మాచర్ల ఏలే మలిదేవుడి పక్షం వాళ్ళు ఏడేళ్ళు ఊరు వదిలిపోయారు. గడువు తీరాక, మా పాలు మాకిమ్మని అలరాజును రాయబారం పంపారు. చర్లగుడిపాడులో అతనికి విషం పెట్టారని, ఆ కథ చెప్పే వీరవిద్యావంతులు పాడతారు. అలరాజు ఎవరనుకున్నావు? ఆ నలగామరాజుకే సొంత అల్లుడు! బొట్టు పోయింది ఆ ఇంటి ఆడపిల్లకే. పందెం వద్దనుకుంటే యుద్ధం ఆగేది. గడువు తీరగానే మాచర్ల ఇచ్చేస్తే ఆగేది. రాయబారిని క్షేమంగా పంపినా ఆగేది. ఆపే చోట్లు అన్ని ఉన్నాయి, ఆపిన మనిషి లేడు. అందుకే కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున తేలింది. దాన్ని నుదుటిరాత అంటే ఎట్లా నాయనా?

మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుణ్ణే తీసుకో. పుట్టుకను బట్టే గుణం అని లోకమంతా నమ్మిన 12వ శతాబ్దంలో అన్ని కులాల వాళ్ళనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు. మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనకు పెద్దను చేశాడు. అంతటివాడు పందెం దగ్గర మాత్రం ఆగలేదు. కన్నకొడుకు బాలచంద్రుణ్ణి పోగొట్టుకుని, చివరికి గుత్తికొండ బిలానికి తపస్సుకు పోయాడంటారు. మరి ఆయన నైజం ఏది, చాపకూడా, పందెమా? నాకైతే రెండూ ఆయన చేతులారా చేసినవే అనిపిస్తుంది.

నైజం మన చేతిలోదే అన్న మాట మన గడ్డకు కొత్తదేం కాదు. మాచర్ల దాటితే నాగార్జునకొండ. ఆ కొండ పేరులో ఉన్న ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు స్నేహితుడిలా హితవు చెబుతూ ఉత్తరం రాశాడు, సుహృల్లేఖ అని. సంస్కృత మూలం పోయింది, టిబెట్, చైనా భాషల్లో మిగిలింది. చదువు మొదలెట్టిన పిల్లలు ముందు దీన్నే కంఠస్థం చేసేవారని 7వ శతాబ్దంలో మన దేశం వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్ రాశాడు. మనుషుల మనసులు నీటి మీద గీతలా, మట్టి మీద గీతలా, రాతి మీద గీతలా ఉంటాయంటాడు ఆచార్యుడు. కోపం నీటి గీతలా చెరిగిపోవాలట, ధర్మం రాతిగీతలా నిలవాలట. నాపరాళ్ళ మధ్య పుట్టినవాడివి, రాతి మీద గీత సంగతి నీకు నేను చెప్పాలా? నువ్వేమో తిరగేసి చేస్తున్నావు. ఎవడో అన్న మాట ఏళ్ళ తరబడి చెక్కి పెట్టుకుంటావు. మీ అమ్మకు ఇచ్చిన మాట పొద్దుగూకేలోపు చెరిపేస్తావు.

చర్చికి పోయే మీ స్నేహితుణ్ణడుగు. మనిషి పుట్టుకతోనే పాపి అంటారు పాస్టరుగారు. అని ఊరుకుంటారా? మారుమనసు పొందమంటారు. గుళ్ళో పూజారేమో పూర్వజన్మ వాసనలంటాడు, మళ్ళీ ఆయనే దీక్ష పట్టమంటాడు. మనిషి మారడనుకుంటే వీళ్ళంతా ఇంత గొంతు చించుకోవడం దేనికి?

ఆ పల్నాటి వీరుల పేరున జరిగే కారెంపూడి తిరునాళ్ళకు పోతే మందపోరు నాడూ కోడిపోరు నాడూ మాత్రమే కాదు, ముందు రాయబారం నాడు పో. కాసేపు కూర్చుని విను, సెల్‌ఫోను జేబులో పెట్టి. కత్తి పట్టినవాళ్ళ పేర్లు మన పిల్లలకు నోటికి వచ్చు. మాట మోసుకుపోయినవాడి పేరు ఎంతమందికి తెలుసు? అది నాకు నచ్చదు.

ఆఁ, పొలం గట్టు దగ్గర మీ బాబాయితో మాటామాటా పెరిగిందటగా. స్నేహితుల్ని వెంటేసుకుని పోయావో, గురజాల కోర్టు మెట్లు ఎక్కేది మీ నాన్న, పుస్తెలు తాకట్టు పెట్టేది మీ అమ్మ. ఫోన్లో పెట్టిన ఆ స్టేటస్ ముందు తీసెయ్. ఇవాళ అటు పోకు. రేపు పొద్దున్నే మీ నాన్నను తోడు తీసుకుని వెళ్ళు. బాబాయి కసిరినా కాసేపు కూర్చో, పిన్ని కాఫీ ఇస్తే తాగు. గట్టు సంగతి తర్వాత ఎత్తొచ్చు.